‘కంప్యూటర్లో అలాగే ఉందండీ’



పట్టాలిచ్చే ఇలాంటి సభల్లో మీరు చదివిన ప్రధాన సబ్జెక్టుల గొప్పదనం గురించి మాట్లాడటం ఆనవాయితీ. నేను మీలో చాలామంది మొదటి ఏడాదితోనే మరచిపోయిన ఒక చిన్న కోర్సు గురించి మాట్లాడతాను. బి.ఏ., బి.కాం., బి.ఎస్సీ. అన్న తేడా లేకుండా అందరికీ చెప్పే కోర్సు అది: కంప్యూటర్లు, సమాచార సాంకేతికతకు పరిచయం. ఇన్‌పుట్ పరికరాలు, అవుట్‌పుట్ పరికరాలు, మెమరీ రకాలు, బైనరీ లెక్కలు, వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్, ఈమెయిల్, ఆఖర్న సైబర్ భద్రత మీద నాలుగు పేజీలు. పరీక్ష ముందు రోజు చదివి గట్టెక్కే పేపరని దానికి పేరు. అయితే రేపు మీలో కొందరు సచివాలయంలోనో, మీసేవ కేంద్రంలోనో, బ్యాంకులోనో, బడి ఆఫీసులోనో కౌంటరు వెనక కూర్చుంటారు. కౌంటరు ముందు నిలబడ్డ మనిషికి మన ఆఫీసుల్లో తరచుగా దొరికే జవాబు ‘కంప్యూటర్లో అలాగే ఉందండీ’. ఆ మాట జవాబు కాదని, తెర మీద కనబడే ప్రతి అంకె వెనక ఎవరో ఒక మనిషి తీసుకున్న నిర్ణయం ఉంటుందని నేర్పడమే ఆ కోర్సు అసలు పని. మనం దాన్ని ఆ పనికి వాడుకోవడం లేదన్నదే నా ఫిర్యాదు.

ఈ పొరపాటు మన ఒక్కరిదే కాదు. 1984లో మన దేశంలో ‘క్లాస్’ పథకం కింద బడులకు మొదటిసారి కంప్యూటర్లు వచ్చినప్పుడు, అవి బ్రిటన్‌లో తయారైన బీబీసీ మైక్రోలు. ఆ యంత్రాన్ని ఆన్ చేస్తే బొమ్మలూ మెనూలూ రావు. ఖాళీ తెర మీద బేసిక్ భాష ఆదేశం కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఏదో ఒకటి రాస్తే తప్ప అది కదలదు. తర్వాత ప్యాకేజీలు వచ్చాయి, వాటితోపాటు చదువు కూడా మారిపోయింది. ఏ మెనూలో ఏ బటన్ ఉందో చెప్పడమే కంప్యూటర్ విద్య అయింది. ఆ యంత్రాన్ని పుట్టించిన ఇంగ్లండే 2012 నాటికి దీన్ని ఒప్పుకుంది. తమ బడుల్లో ఐసీటీ (సమాచార, ప్రసార సాంకేతికత) పేరుతో జరుగుతున్న చదువు తీరు సంతృప్తికరంగా లేదని రాయల్ సొసైటీ ఆ ఏడాది నివేదిక ఇచ్చింది. 2014 సెప్టెంబరు నుంచి ఐసీటీ స్థానంలో కంప్యూటింగ్ అనే కొత్త సబ్జెక్టు వచ్చింది. మందు కూడా వికటించవచ్చని ఆ దేశమే చూపించింది. పాత పరీక్ష ఎత్తేశాక అసలు కంప్యూటర్ వైపే రాని పిల్లలు పెరిగారు. పదహారేళ్లకు రాసే కంప్యూటర్ సైన్స్ పరీక్షలో అమ్మాయిలు ఐదో వంతుకు అటూ ఇటూగా మిగిలారు. కాబట్టి వర్డ్, ఎక్సెల్ తీసేసి అందరికీ కోడింగ్ నేర్పమని నేను అడగడం లేదు. అదే ఎక్సెల్‌ను ఇంకో రకంగా నేర్పవచ్చంటున్నాను.

ఎలాగో చెబుతాను. 2020లో, కోవిడ్ ముదురుతున్న రోజుల్లో, ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ లెక్కల్లోంచి 15,841 పాజిటివ్ కేసులు కొన్ని రోజులపాటు జారిపోయాయి. ప్రయోగశాలలు పంపిన ఫైళ్లను పాత ఎక్సెల్ పద్ధతిలో నింపారు. ఆ పద్ధతిలో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి, ఒక్కో కేసుకేమో ఎన్నో వరుసలు కావాలి. నిండిన తర్వాత వచ్చినవి మాయమయ్యాయి. రోగులతో కలిసి తిరిగినవాళ్లను వెతికే పని ఆ మేరకు ఆలస్యమైంది. 65,536 అన్న అంకె ఎక్కడిది? రెండును పదహారుసార్లు హెచ్చిస్తే వచ్చేది. మీ మొదటి యూనిట్‌లో ‘ఇదెందుకు పనికొస్తుంది సార్’ అని మీరు విసుక్కున్న బైనరీ లెక్క అదే. ఆ షీటులో చార్టు గీయగలవాళ్లు ఆ సంస్థలో కరువై ఉండరు. ఈ డబ్బాకు అడుగు ఎక్కడ అని అడిగే మనిషి మాత్రం ఆ వారం అక్కడ లేకపోయారు.

అదే లెక్క మన భాషకూ వర్తిస్తుంది. ఒక ఎస్సెమ్మెస్‌కు 140 బైట్లు. ఏడు బిట్ల ఇంగ్లిష్ అక్షరాలైతే అందులో 160 పడతాయి, పదహారు బిట్ల తెలుగు సంకేతాలైతే 70. గుణింతాలూ ఒత్తులూ కూడా విడి సంకేతాలుగానే లెక్కకొస్తాయి గనుక చిన్న వాక్యమే రెండు మెసేజులయ్యేది. ఒక తరం తెలుగువాళ్లు ఫోన్లో తెలుగును ఇంగ్లిష్ అక్షరాలతో రాయడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. దీన్ని భాషాభిమానం లేకపోవడంగా తిట్టినవాళ్లు ఈ భాగహారం చేసి ఉండరు. ఇంకో నష్టం పెద్దది. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే 128 గళ్ల చోటు ఇచ్చారు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి మన డీటీపీ సెంటర్లలో ఇంగ్లిష్ అక్షరాల సంకేతాల మీద తెలుగు ఆకారాలు అతికించిన ఫాంట్లతోనే పుస్తకాలు కూర్చాం. కాగితం మీద అవి చక్కగా ఉన్నాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాల కుప్ప. మార్పిడి చేయకుండా వెతకడానికి లేదు. కంటికి కనిపించేది వేరు, యంత్రం దాచుకునేది వేరన్న ఒక్క ముక్క ఆనాటి కోర్సుల్లో గట్టిగా చెప్పి ఉంటే ఆ మార్పిడి పని ఇవాళ మీ తరం మీద పడేది కాదు.

‘తప్పు చేసింది మనిషైతే కంప్యూటర్‌ని అని ఏం లాభం?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వచ్చింది; మళ్లీ చూస్తే 99. మార్కుల షీటులో వృత్తాలు దిద్దేటప్పుడు జరిగిన పొరపాటు అది. కానీ ఆ అమ్మాయి మొదటి ఏడాది మార్కులు అదే బోర్డు దగ్గర ఉన్నాయి. నిరుటి మార్కుకూ ఈ ఏటి మార్కుకూ ఇంత తేడా ఉంటే ఫలితం ఆపి, జవాబుపత్రం చూడమని చెప్పే షరతు మీరు ఎక్సెల్ ప్రాక్టికల్స్‌లో రాసిన ‘ఇఫ్’ సూత్రం కంటే కష్టమైనది కాదు. మనుషులు పొరబడతారు, దిద్దేవాళ్ల చెయ్యి జారుతుంది. ఆ జారుడును ఎక్కడ పట్టుకోవాలో ముందే ఆలోచించకపోవడం కూడా ఒక మనిషి నిర్ణయమే.

ఇక ‘కంప్యూటర్లో అలాగే ఉంది’ అన్న మాట ఎంత దూరం పోగలదో చూపించే ఉదంతం బ్రిటన్ తపాలా శాఖది. అక్కడ చిన్న పోస్టాఫీసులను కాంట్రాక్టు మీద నడిపే సబ్‌పోస్ట్‌మాస్టర్లు ఉంటారు. 1999 నుంచి వాళ్ల కౌంటర్లలోకి ఫుజిత్సు సంస్థ తయారుచేసిన హొరైజన్ అనే లెక్కల వ్యవస్థ వచ్చింది. గల్లాపెట్టెలో ఉన్నదానికీ తెర మీద ఉండాలన్నదానికీ తేడా రావడం మొదలైంది. లోటును సొంత డబ్బుతో పూడ్చమన్నారు. పూడ్చలేనివాళ్ల మీద దొంగతనం, తప్పుడు లెక్కల కేసులు పెట్టారు. 2015 దాకా 900 మందికి పైగా దోషులుగా తేలారు; కొందరు జైలుకు వెళ్లారు, ఇళ్లమ్ముకున్నారు. సహాయం కోసం ఫోన్ చేస్తే ‘ఇలాంటి ఇబ్బంది మీ ఒక్కరికే వస్తోంది’ అన్న జవాబు చాలామందికి వచ్చింది. ఇక్కడ చట్టం కూడా తోడైంది. కంప్యూటర్ సరిగా పనిచేస్తోందని రుజువు చేస్తేనే దాని లెక్కను సాక్ష్యంగా తీసుకోవాలనే నిబంధన అక్కడ 1984 నాటి చట్టంలో ఉండేది. హొరైజన్ వచ్చిన రోజుల్లోనే దాన్ని ఎత్తేశారు. ఆ తర్వాత యంత్రం ఒప్పే చెబుతోందని కోర్టు అనుకుంటుంది, కాదని చూపించాల్సింది ముద్దాయి. లోపలి లెక్కలు చూసే వీలే లేని మనిషి ఏమని చూపిస్తాడు? వ్యవస్థలో దోషాలున్నాయని 2019 డిసెంబరులో హైకోర్టు తేల్చింది. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేయాల్సి వచ్చింది. ఆ పోరాటం నడిపిన ఆలన్ బేట్స్, వేల్స్‌లోని లాండుడ్నో ఊళ్లో పోస్టాఫీసు నడిపినవాడు, చేసిన మొదటి పని చాలా చిన్నది. లెక్క ఎలా వచ్చిందో చూసే అవకాశం ఇవ్వకుండా ఆ లోటు నాదని ఒప్పుకోనన్నాడు. 2003లో కాంట్రాక్టు పోగొట్టుకున్నాడు.

ఇన్ని విన్నాక కూడా, ‘మాకు కావాల్సింది ఉద్యోగం, ఇంటర్వ్యూలో ఎక్సెల్ వచ్చా అని అడుగుతారు గానీ హొరైజన్ గురించి అడగరు’ అంటారు మీరు. నిజమే. వేళ్లకు పని తెలియకుండా ప్రశ్నలడగడం కూడా కుదరదు. హైదరాబాద్ అమీర్‌పేటలో కొన్ని నెలల్లో నేర్చుకున్న కోర్సులతో వేల కుటుంబాలు నిలదొక్కుకున్నాయి, దాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. ఆ కోర్సులకు ఊపిచ్చిన వైటుకే పని ఏమిటో ఒకసారి గుర్తుచేసుకోండి: ఏడాదిని రెండు అంకెలతో రాస్తే చాలని ఎప్పుడో ఎవరో చేసిన నిర్ణయాన్ని దిద్దడం. ‘ఇప్పుడు కృత్రిమ మేధ అన్నీ చేసిపెడుతోంది కదా’ అన్నది ఇంకో అభ్యంతరం. 2023లో న్యూయార్కులో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ చెప్పిన తీర్పులను కోర్టు కాగితాల్లో రాశారు. అలాంటి తీర్పులు లేనేలేవు. వాళ్లలో ఒకరు ఇవి నిజమేనా అని ఆ యంత్రాన్నే అడిగి, అది అవునంటే నమ్మారు. వాళ్లకూ వాళ్ల సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా పడింది, చాట్‌జీపీటీకి పడలేదు.

ఆఖరి అభ్యంతరమే నాకు బరువైనదిగా తోస్తుంది: కింది ఉద్యోగి సాఫ్ట్‌వేర్‌ను మార్చలేడు కదా? మార్చలేడు. భూముల రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక సొంత పొలం రికార్డులో తప్పు పడ్డ రైతుకు తహశీల్దారు కూడా ‘దిద్దే అధికారం నాకు లేదు’ అని చెప్పాల్సివచ్చిన కాలం తెలంగాణలో చూశాం. అయినా కింది ఉద్యోగి చేతిలో కొంత ఉంది. తెర మీద వచ్చిన సందేశాన్ని తేదీతో, వేళతో రాసి పెట్టడం, ఇదే ఇబ్బంది పక్క మండలంలో ఎంతమందికి వచ్చిందో కనుక్కోవడం, ‘కంప్యూటర్లో అలాగే ఉంది’ అనే బదులు ‘కంప్యూటర్లో ఇలా ఉంది, మీ కాగితంలో ఇంకోలా ఉంది, రెండూ రాసి పైకి పంపుతున్నాను’ అనడం. మన చట్టం కూడా, కంప్యూటర్ సాక్ష్యం విషయంలో, బ్రిటన్ వదిలేసిన దారినే పట్టుకుని ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద, కంప్యూటర్ రికార్డును కోర్టులో పెట్టాలంటే ఆ యంత్రం ఆ కాలంలో సరిగా పనిచేసిందని చెప్పే ధ్రువపత్రం కావాలి. ఫైలు మారలేదని చూపే హాష్ విలువ అందులో రాయాలి. నిపుణుడి సంతకంతోపాటు, యంత్రం ఎవరి అజమాయిషీలో ఉందో వాళ్ల సంతకమూ ఉండాలి. మీలో కొందరు ఆ సంతకం పెట్టాల్సిన కుర్చీల్లోకే వెళ్తున్నారు.

అధ్యాపకులకు ఒక మనవి చేసి ముగిస్తాను. వచ్చే ఏడాది ఈ కోర్సు పరీక్షలో ఎక్సెల్ చార్టు గీయమనే ప్రశ్న ఒకటి తీసేయండి. దాని బదులు రెండు వందల వరుసల హాజరు పట్టిక ఇవ్వండి: ఒక తేదీలో నెలా రోజూ తారుమారై ఉండాలి, ఒక పేరు రెండుసార్లు పడాలి, మొత్తం కూడే సూత్రం ఆఖరి పది వరుసల్ని వదిలేయాలి. తప్పులు పట్టుకోమనండి, ప్రతి తప్పు వల్ల ఏ విద్యార్థికి ఏ నష్టమో రాయమనండి. దిద్దడానికి మీకు కష్టమే. ఆ పేపరుకు గైడు అచ్చువేయడం గైడ్ల వ్యాపారులకు ఇంకా కష్టం.