పాత ఫొటోలు, పత్రములు - ఇంటి స్కానరు

మన యిండ్లలో అటకమీదనో, బీరువా అడుగు అరలోనో ఒక ట్రంకుపెట్టె తప్పక ఉండును. అందులో పొలము దస్తావేజులు, జాతకములు, చదువుల సర్టిఫికెట్లు, వాని నడుమ నల్లని అట్టలకు అంటించిన ఫొటోలు ఉండును. ఏ పండుగకో దుమ్ము దులుపునప్పుడు దానిని తెరచి, నాలుగు ఫొటోలు చూచి, నాలుగు మాటలు చెప్పుకొని, మరల మూసివేయుదుము. పెట్టె ఉన్నన్నాళ్లు దాని తలపే మనకు రాదు.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగునగరు ప్రాంతమును ముంచినది. మా మేనత్తగారి యిల్లు అక్కడనే. మనుషులు డాబామీదికి చేరి ప్రాణములు దక్కించుకొనిరి గాని, క్రింది గదిలోని ట్రంకుపెట్టె కొన్ని దినములు నీటిలోనే ఉండిపోయినది. నీరు తీసిన తరువాత తెరచి చూడగా ఫొటోలన్నియు ఒకదానికొకటి అతుకుకొని అట్టముద్దయైనవి. అందులో అత్తయ్యగారి పెండ్లినాటి ఫొటో ఒకటి. 1962లో తీసినది, పందిరిక్రింద యిరువదిమువ్వురు బంధువులు నిలిచిన చిత్రము.

“దిగులు పడకు అత్తయ్యా, దానికి నకలు నా దగ్గర ఉన్నది” అని ధైర్యము చెప్పితిని. నిజమే, 2009లో నేను మొదటి స్కానరు కొన్న వేడిలో ఆమె ఆల్బము తెచ్చి, ఒకే ఆదివారమున నూటయిరువది ఫొటోలు తీసి, తిరిగి యిచ్చివేసితిని. ఇప్పుడు ఆ నకలును తెరచి, ముఖములు కనబడునట్లు పెద్దది చేసి చూపబోతిని. ముఖములు లేవు, బూడిదరంగు గళ్లు మాత్రమే ఉన్నవి. అత్తయ్య కొంతసేపు చూచి, “వెనకవైపు మా నాన్న అందరి పేర్లూ రాశాడు గదరా అబ్బాయ్! అది తీశావా?” అని అడిగినది. తీయలేదు. నా తొందరపాటు వలన ఏమి పోయినదో ఆనాడు తెలిసినది. ఆ పొరపాటు మీ యింట జరుగకూడదనియే నేటి యీ ప్రసంగము.

స్కానరనగా ఏమి? ఒక గాజుపలక, దానిపై ఒక మూత; పలకక్రింద అటునిటు నడచు ఒక సన్నని దీపము. దీపపు వెలుతురు కాగితముపై పడి తిరిగి వచ్చునప్పుడు, వరుసగా అమర్చిన సూక్ష్మమైన కాంతిగ్రాహకములు దానిని గీత తరువాత గీతగా కొలుచును. ప్రతి గీత చుక్కలుగా విడిపోవును; ప్రతి చుక్కకు ఒక అంకె ఏర్పడును. ఈ అంకెల మూటయే మన నకలు. 1957లో అమెరికా దేశపు జాతీయ ప్రమాణముల సంస్థలో రస్సెల్ కిర్ష్ అను ఇంజనీరు, మూడు నెలల తన కుమారుని ఫొటోను మొదటిసారిగా కంప్యూటరులోనికి ఎక్కించెను. ఆ చిత్రము నిలువున 176, అడ్డముగా 176 చుక్కలు మాత్రమే. మొట్టమొదట కంప్యూటరు చూచిన ఫొటో కూడ ఒక యింటి బిడ్డదే యగుట గమనింపదగినది.

నేడు అంగడిలో దొరకు ఇంటి స్కానర్లు రెండు తరగతులు. ఒకటి సన్నగా, తేలికగా ఉండి, కంప్యూటరు తీగనుండియే విద్యుత్తు తీసికొనునది. దీనికి కాగితము గాజుకు పూర్తిగా ఆనియుండవలెను. కొద్దిగా పైకి లేచినను ఆ భాగము మసక బారును. రెండవది అద్దములు, కటకము గల మందపు యంత్రము. ఇది వంగిన ఫొటోను, కుట్టిన పుస్తకపు పుటను కూడ స్పష్టముగా పట్టగలదు. విడి పత్రములకు మొదటిది చాలును. పాత ఆల్బములు గలవారు రెండవది కొనుట మేలు. ఫిలిం నెగటివులు తీయవలెనన్నచో మూతలో కూడ దీపము గల స్కానరే కావలెను. ఏలయన నెగటివు గుండా వెలుతురు ప్రసరింపవలెను గదా.

చేతిలో సెల్‌ఫోను ఉండగా స్కానరేల యని కొందరడుగుదురు. అత్యవసరముగా ఒక పత్రము పంపుటకు ఫోను చాలును. కాని ఫోనుతో తీయునప్పుడు ఫొటో మెరుపుపై కిటికీ వెలుతురు పడును, చేయి కదలును, అంచులు ఏటవాలగును. స్కానరులో వెలుతురు అంతటను సమము, కొలత నికరము.

ఇక అసలు విషయమునకు వత్తము. నకలు తీయుటకు ముందు, అంగుళమునకు ఎన్ని చుక్కలు కావలెనని స్కానరు అడుగును. నేను 2009లో 150 చాలునంటిని. అత్తయ్యగారి ఫొటో ఆరు అంగుళముల పొడవు, నాలుగంగుళముల వెడల్పు. అందులో ఒక్కొక్క ముఖము అంగుళములో ఎనిమిదవ వంతు. అనగా ఒక ముఖము వెడల్పున దక్కినవి సుమారు 19 చుక్కలు. పందొమ్మిది చుక్కలలో కన్ను, ముక్కు, చిరునవ్వు ఎట్లు పట్టును? 600 పెట్టియున్నచో 75, 1200 పెట్టియున్నచో 150 దక్కెడివి. తరువాత కంప్యూటరులో ఎంత సాగదీసినను లేని చుక్కలు రావు. యంత్రము ఊహించి పూడ్చిన ముఖము చూచుటకు నునుపుగా ఉండవచ్చును గాని, అది మనవారి ముఖము కాదు.

కావున ఈ లెక్క గుర్తుంచుకొనుడు: పత్రములకు 300, ఫొటోలకు 600, చిన్న ఫొటోలకు, గుంపు ఫొటోలకు 1200. పెట్టెమీద అచ్చువేసిన మహాసంఖ్యలలో కొన్ని యంత్రము కల్పించి పూరించునవే. వానిని చూచి మోసపోవలదు. చుక్కలు పెరిగినకొలది నకలు బరువగును. పై ఫొటోను 600తో రంగులలో తీసినచో 86 లక్షల 40 వేల చుక్కలు. దాచుటకు సుమారు 26 మెగాబైట్లు పట్టును. 1200 పెట్టినచో అంతకు నాలుగింతలు. నేటి నిల్వసాధనములకు ఇది పెద్ద భారము కాదు.

తీయు విధానము చెప్పెదను. మొదట గాజును మెత్తని, నూగు రాలని గుడ్డతో తుడువవలెను. తడి అవసరమైనచో గుడ్డకే తడి తగిలింపవలెను గాని, గాజుపై నీరు చల్లరాదు. అంచులవెంట లోనికి దిగును. చేతులు కడిగి, పూర్తిగా ఆరిన పిదప ఫొటోను అంచులు పట్టి తీయవలెను. దుమ్మును మెత్తని కుంచెతో విదిలింపవలెను, తడిగుడ్డ తాకింపరాదు. నలుపు తెలుపు ఫొటోనైనను రంగులలోనే తీయుట మంచిది. పసుపు మరకలు వేరుగా కనబడి, దిద్దుట సులభమగును. యంత్రము తనంతట తాను చేయు మెరుగులను మొదటి నకలులో ఆపివేయుడు. ఉన్నది ఉన్నట్లు ఒకటి దాచి, దిద్దుబాట్లు వేరొక నకలులో చేసికొనుడు.

పటము గాజుకు ఫొటో అతుకుకొన్నచో ఊడబెరుకవలదు. ముఖము గాజుకే మిగిలిపోవును. గాజుతో సహా స్కానరుపై మెల్లగా నుంచి తీయుడు. ఇచ్చట మందపు యంత్రమే పనికివచ్చును. జిగురు పుటల ఆల్బములనుండి ఊడిరాని ఫొటోలను పుటతోనే తీయుడు.

దాచు పద్ధతులలో టిఫ్ అనునది ఏ అంకెను విడువక దాచును. జేపెగ్ అనునది కొంత విడిచి, చిన్నది చేసి దాచును. జేపెగ్‌ను దిద్ది మరల మరల దాచినకొలది చిత్రము చెడును. కనుక మూలపు నకలు టిఫ్‌లోను, బంధువులకు పంపునది జేపెగ్‌లోను ఉంచుట యుక్తము. పలు పుటల దస్తావేజును ఒకే పి.డి.యఫ్.గా కూర్చవచ్చును. పలుచని కాగితములో వెనుకవైపు అక్షరములు ముందునకు కనబడినచో, కాగితము వెనుక ఒక నల్లని అట్ట నుంచుడు. అవి చాలవరకు అణగిపోవును. ముద్రలు, వ్రేలిముద్రలు, వెనుక వ్రాతలు గల ప్రతి పుటను రెండువైపుల తీయుడు. ఒక హెచ్చరిక: నకలు వచ్చినదని మూలపత్రమును అశ్రద్ధ చేయరాదు. నకలు సమాచారమును కాపాడును. హక్కునకు మూలమే ఆధారము.

తీసిన ప్రతి నకలునకు సంవత్సరము, ఊరు, వ్యక్తుల పేర్లు చేర్చి పేరు పెట్టుడు. నకళ్లు మూడు ఉండవలెను: ఒకటి కంప్యూటరులో, ఒకటి విడి డిస్కులో, ఒకటి వేరొక ఊరిలోనున్న అన్నదమ్ముల యింటనో, ఆడపడుచుల యింటనో. ఒకే కప్పుక్రింద మూడుంచినను వరదకు అవి ఒకటే.

రేడియోలో పనిచేయు మాకు గొంతును దాచుట అలవాటు. ఆ అలవాటే నాకు ఒక దారి చూపినది. మసకబారిన ఆ పెండ్లి ఫొటోను పెద్ద కాగితముపై అచ్చువేయించి, అత్తయ్య ముందుంచి, ప్రక్కన రికార్డరు పెట్టితిని. ముఖములు లేకున్నను, నిలుచున్న తీరును బట్టి, పంచెకట్టును బట్టి, చంకనున్న బిడ్డను బట్టి ఆమె ఒక్కొక్కరిని గుర్తుపట్టినది. “ఈ మూల నడుం మీద చెయ్యి పెట్టుకున్నది మా చిన్నమ్మ, ఎప్పుడూ అలాగే నిలబడేది” అని నవ్వినది. ఇరువదిమువ్వురిలో పందొమ్మండుగురు తేలిరి. నలుగురు తేలలేదు. వారి పేర్లు మా తాతగారి చేతివ్రాతలో ఆ ఫొటో వెనుక ఉండెడివి. రెండవసారి తిప్పి పెట్టుటకు నాకు అర నిమిషము పట్టెడిది.

మీ పెట్టె ఇంకను పొడిగానే ఉన్నది. వచ్చు ఆదివారము దానిని దింపుడు. నూటయిరువది ఫొటోలు ఒక్కనాడే తీయనక్కరలేదు, పది చాలును. ప్రతి ఫొటోను ముందు త్రిప్పి వెనుక చూడుడు. ఇంటిలో పెద్దవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. యంత్రము చేయగల పని వారమురోజులు ఆగినను ఆగవచ్చును. వారు చెప్పవలసిన మాట ఆగరాదు.