వేసవిలో కిటికీయు, పంకాయు



2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వెయ్యిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వడదెబ్బ ఎండలో పనిచేయు వారికే కాక, ఇంటిపట్టున నుండు వృద్ధులకును, పసిబిడ్డలకును తగులును. కావున ఇంటిలోని గాలిని గూర్చి నేడు పంచాయతీ సభ్యులైన మీతో కొంత ముచ్చటింపదలచితిమి.

పగలంతయు ఎండకు కాగిన కాంక్రీటు కప్పు, రాత్రి చాలసేపటివరకు ఆ వేడిని గదిలోనికి విడుచుచుండును. కప్పునకు వ్రేలాడు పంకా లోపలి గాలినే త్రిప్పును గాని బయటకు పంపదు. ఆ పని చేయునది గోడలో అమర్చు ఎగ్జాస్టు పంకా. వేడిగాలి పైకి చేరును గనుక దానిని గోడ పైభాగముననే అమర్చవలెను.

అయితే, పోయిన గాలికి బదులు గాలి వచ్చుటకు దారి యుండవలెను. కిటికీలన్నియు మూసినచో పంకా తిరిగియు ఫలము స్వల్పము. పంకా ప్రక్కనున్న కిటికీని తెరచినచో, వచ్చిన గాలి వచ్చినట్లే బయటకు పోవును. మంచముపై పండుకొన్న వారికి చేరదు. కనుక పంకాకు దూరముగా, ఎదుటి గోడలో నున్న కిటికీని తెరచుట మేలు.

వేళ నెరుగుట మరియొక ముఖ్యవిషయము. మధ్యాహ్నము బయటి గాలి లోపలి గాలికంటె వేడిగా నున్నపుడు కిటికీలు మూసి, ఎండ తగులు వైపున తడికలు కట్టవలెను. ప్రొద్దు క్రుంకి బయట చల్లబడిన పిమ్మట కిటికీ తెరచి, పంకా వేయవలెను. ఉదయమున ఎండ ముదరక మునుపే తిరిగి మూయవలెను. వంట చేయునపుడు మాత్రము పొగ పోవుటకు వంటింటి కిటికీ ఏ వేళనైనను తెరచి యుంచవలెను.

గదిలో వేడి 40 డిగ్రీలు దాటినపుడు పంకాగాలి శరీరమును చల్లబరచుటకు బదులు మరింత వేడెక్కించును. అట్టివేళ వృద్ధులను చల్లని తావునకు చేర్చి, నీరు త్రాగించి, తడిగుడ్డతో ఒడలు తుడువవలెను.

దొంగల భయముచేతను, దోమల బాధచేతను రాత్రులందు కిటికీలు మూయువారు పెక్కుమంది గలరు. ఇనుప కమ్ములు, దోమల జాలీ అమర్చినచో ఆ రెండు చిక్కులును తీరును. గ్రామములో క్రొత్త ఇల్లు కట్టువారికి, గోడలు లేవక ముందే, ఎదురెదురుగా రెండు కిటికీలు పెట్టుమని మీరు చెప్పవలెను. కరెంటు పోయిన రాత్రియు ఆ కిటికీలు పనిచేయును. ఒంటరిగా నున్న వృద్ధుల యిండ్లను వేసవికి ముందే స్వయముగా చూచి రావలసినదిగా మిమ్ము కోరుచున్నాము.