పిడికెడు బియ్యము

(సంఘ ఆరోగ్య కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షిక దినములలో మాట్లాడువారు గడచిన నూరేండ్లను గూర్చియు, దేవాలయములు కట్టిన పెద్దలను గూర్చియు చెప్పుదురు. మాకు అప్పగింపబడిన అంశము ఒంటి బరువు. ఈ మాట విని కొందరు నవ్విరి. అయితే ఆదివారము ప్రార్థన వేళ ఒకసారి చుట్టు చూడుడి. మోకాళ్లూనవలసిన సమయమున ఎంతమందిమి కుర్చీలలోనే కూర్చుండిపోవుచున్నాము? ఎంతమంది సంచులలో చక్కెర వ్యాధి మాత్రలు, రక్తపోటు మాత్రలు ఉన్నవి? అప్పుడు నవ్వు ఆగిపోవును.

మేము వైద్యులము కాము. నలుబది అయిదు దాటిన తరువాత, కాలువ గట్టున ఉదయమే కలిసి నడుచుట మొదలుపెట్టిన కొద్దిమంది సంఘస్థులము. మేము చదివి తెలిసికొన్నదియు, పొరపాట్లు చేసి నేర్చుకొన్నదియు మీతో పంచుకొందుము.

మొదట మన తాతల సంగతి. 1832-33 నాటి నందన కరవు గుంటూరు సీమను ఎంత నాశనము చేసినదో మన పెద్దలు కథలుగా చెప్పుకొనిరి. తరువాత 1855లో బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తయినది. కాలువల నీటితో డెల్టా వరిచేలతో పచ్చబడినది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చినది. అయినను ఆ వరిని నాటి, కోసి, నూర్చిన కూలివారి ఇండ్లలో తెల్లని అన్నము కడుపునిండ దొరకుట చాలకాలము పండుగ సంగతే. అంబలి, సంకటి, గంజి త్రాగి పొద్దుగూకు వరకు నడుము వంచి పనిచేసిన వారి బిడ్డలము మనలో అనేకులము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినప్పుడు ఆ ఇండ్లలో కలిగిన సంతోషము ఎరిగినవారు ఇంకను మన మధ్య ఉన్నారు.

అందుచేతనే మన మాటలలో ఆకలి భయము ఇంకను మిగిలియున్నది. కొంచెము సన్నబడినవారిని చూచి "చిక్కిపోయారేమండి?" అని జాలిపడుదుము. లావెక్కినవారిని చూచి "ఒళ్లు చేశారు" అని సంతోషింతుము. ఇది తప్పు కాదు. ఆకలి చూచిన జాతి ప్రేమను అన్నముతోనే చెప్పును. కాని కొడవలి పట్టిన తాత తిన్న పళ్లెమే, బల్ల ముందు కూర్చున్న మనుమడును తినుచున్నాడు. పండుగనాటి భోజనము ప్రతిదిన భోజనమైనది.

ఫలితము లెక్కలలో కనబడుచున్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రపు స్త్రీలలో మూడవవంతుకు మించినవారు అధిక బరువు ఉన్నవారే. పురుషులును ఇంచుమించు ఆ దరినే ఉన్నారు. మన దేశపువారికి వైద్యులు చెప్పు సులభమైన కొలత నడుము చుట్టుకొలత. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినయెడల జాగ్రత్తపడవలెను. ఇంటిలో కుట్టుపని టేపు ఉన్నయెడల ఈ పరీక్షకు ఖర్చు లేదు.

"వయసు వచ్చినది, ఒళ్లు రాక మానునా?" అందుము. ఇందులో సగమే నిజము. పలు దేశముల వారిని పరీక్షించి 2021లో ప్రచురించిన ఒక పెద్ద పరిశోధనలో, ఇరువది ఏండ్లనుండి అరువది వరకు దేహము ఖర్చుచేయు శక్తి, ఆ దేహపు పరిమాణమునుబట్టి చూడగా, దాదాపు మారకుండునని తేలినది. అరువది తరువాతనే ఏటేట కొంచెము తగ్గును. నడివయసులో మారునది మన దినచర్య. నడక పోయి బండి వచ్చును. కండ కరుగును, ఆ స్థానములో కొవ్వు చేరును. స్త్రీలకు ముట్లు ఆగిన పిమ్మట అది నడుము చుట్టు చేరును. కనుక తప్పంతయు వయసు మీద వేయుట న్యాయము కాదు.

ఇక తగ్గించుకొను మార్గములు. మన విజయవాడ ఈ విషయములో చిత్రమైన పట్టణము. ఉండవల్లి కరకట్ట మీద మంతెన సత్యనారాయణరాజు గారి ప్రకృతి ఆశ్రమములో ఉప్పు, నూనె లేని వంట. 2017, 2018 ప్రాంతములో ఊరూర మారుమ్రోగిన వీరమాచనేని రామకృష్ణ గారి పద్ధతిలో అన్నము, చక్కెర మాని, కొబ్బరినూనె, నెయ్యి వంటి కొవ్వులు ఎక్కువగా తీసికొనవలెను. ఒకరు నూనె వద్దందురు, మరియొకరు నూనె త్రాగుమందురు. రెండు విధముల తగ్గినవారును ఉన్నారు. అలవాటైన పళ్లెము మారి, తినునది తగ్గినప్పుడు ఏ మార్గముననైనను బరువు తగ్గును. అసలు ప్రశ్న మూడేండ్ల తరువాతది. తగ్గినది తగ్గినట్లే నిలిచినదా?

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. మాలో ఒక సహోదరుడు మూడు నెలలలో పదునొకండు కిలోలు తగ్గెను. ఆయన పట్టిన పద్ధతి ఏదియో ఇక్కడ ముఖ్యము కాదు. మేమందరము మెచ్చుకొంటిమి. ఏడాది తిరుగకముందే పదమూడు కిలోలు తిరిగి వచ్చెను. "మళ్లీ వచ్చేశారేమండి?" అని మేమే నవ్వుచు అడిగితిమి. ఆయన మొదట పెండ్లి విందులకు రాకపోయెను. తరువాత ప్రేమవిందుకు ఆగకుండ వెళ్లిపోవుచుండెను. చివరకు ఆరాధనకే వచ్చుట తగ్గెను. దేహపు బరువు కారణముగా ఒక ఆత్మ మందకు దూరమాయెను. దానికి కారకులు మేమే.

తరువాత చదివి తెలిసికొన్నాము, అది ఆయన బలహీనత కాదు. అమెరికాలో టెలివిజన్ పోటీలో వేగముగా బరువు తగ్గిన పదునలుగురిని ఆరేండ్ల తరువాత పరీక్షించి 2016లో ఫలితములు ప్రచురించిరి. ఎక్కువమందికి పోయిన బరువులో చాలభాగము తిరిగి వచ్చినది. వారి దేహములు విశ్రాంతిలో ఖర్చుచేయవలసినదానికంటె దినమునకు సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చుచేయుచుండెను. దేహము కరవు వచ్చినదనుకొని పొదుపు చేయును, ఆకలిని పెంచును. నందన కరవులో మన పూర్వికులను బ్రతికించినది ఈ పొదుపే కావచ్చును. ఇటీవల వచ్చిన వారపు ఇంజెక్షన్ల సంగతియు ఇట్టిదే. అవి వైద్యుని సలహాతో అవసరమైనవారికి మేలు చేయును. కాని సెమాగ్లూటైడ్ మందు మానినవారిలో, ఏడాదికే తగ్గినదానిలో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లు 2022లో తెలిసినది. అనగా తగ్గుట ఒక పని, నిలుపుకొనుట జీవితకాలపు పని.

మరి నిలుపుకొన్నవారు లేరా? ఉన్నారు. కనీసము 13.6 కిలోలు తగ్గి, ఏడాదిపాటైనను నిలుపుకొన్నవారి పేర్లను 1994 నుండి అమెరికాలో ఒక జాబితాగా వ్రాసియుంచిరి. వారిలో ఎక్కువమంది దినమునకు సుమారు గంటసేపు నడకవంటి శ్రమ చేయుదురు, ఉదయపు ఆహారము మానరు, వారమునకు ఒకసారైనను తూచుకొందురు. ఎక్కువ తగ్గనక్కరలేదని చూపిన పరిశోధన 2002లో వచ్చినది. చక్కెర వ్యాధి అంచున ఉన్నవారు నూటికి 7 వంతుల బరువు తగ్గుట, వారమునకు 150 నిమిషములు నడుచుట గురిగా పెట్టుకొనగా, వ్యాధి వచ్చుట నూటికి 58 వంతులు తగ్గినది. ఎనుబది కిలోల మనిషికి అది అయిదున్నర కిలోలే. మోకాళ్ల నొప్పులవారికి ఇంకొక మాట. ఒక కిలో తగ్గినయెడల అడుగడుగునకు మోకాలి మీద నాలుగు కిలోల భారము తగ్గునని లెక్కించిరి.

అయిదున్నర కిలోలు ఏడాదిలో తగ్గవలెననిన నెలకు అర కిలో చాలును. దానికి దినమునకు సుమారు 130 కేలరీలు తగ్గించవలెను. ఇది ఎంత? ఇక్కడ మన నాయనమ్మలను జ్ఞాపకము చేసికొందము. వంటకు బియ్యము కొలిచి, పొయ్యి మీద పెట్టకముందు అందులోనుండి పిడికెడు తీసి దేవుని కుండలో వేసెడివారు. ఆదివారము ఆ బియ్యము కానుకగా తెచ్చెడివారు. ఇంటిలో చాలినంత లేని దినమునకూడ ఆ పిడికెడు తీసిరి. ఒక చిన్న పిడికెడు బియ్యము ఇంచుమించు 40 గ్రాములు, అనగా 140 కేలరీలు. మనకు కావలసిన కొలత సరిగా అదే!

అన్నము ముట్టనక్కరలేదనువారికి టీ ఉన్నది. మూడు కప్పులలో రెండేసి చెంచాల చక్కెర మానినయెడల 120 కేలరీలు. మన ఇండ్లలో కూరతో ఒకసారి, పప్పుతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి అన్నము వడ్డించుకొందుము. అందులో ఒక వడ్డన మాని, పెరుగును మజ్జిగ చేసికొని త్రాగవచ్చును. కూర ఎక్కువ, అన్నము తక్కువ కావలెను. పప్పు, గ్రుడ్డు, చేప మానరాదు, అవి కండను నిలుపును. చేతులు ఆనించకుండ కుర్చీలోనుండి పదిసార్లు లేచుట కూడ మంచి వ్యాయామమే. లెక్క ప్రకారము ప్రతి నెల తగ్గదు. తేలికైన దేహమునకు తక్కువ చాలును గనుక కొన్ని నెలలు ముల్లు కదలదు. ఆ నెలలలో పెరుగకుండుటయే జయము.

శ్రమ దినముల ఉపవాసమును బరువు తగ్గించు సాధనముగా చేయవద్దని మా మనవి. నలుబది దినములు మాడి, ఈస్టరు నాడు అంతకు అంత తినినయెడల ఆత్మకును దేహమునకును లాభము లేదు. ఇన్సులిన్ గాని చక్కెర మాత్రలు గాని వాడువారు వైద్యుని అడుగకుండ ఉపవాసముండరాదు, చక్కెర పడిపోయి ప్రమాదము కలుగవచ్చును. ప్రయత్నము లేకుండ బరువు తగ్గుచున్నయెడల ఆనందింపక వెంటనే పరీక్ష చేయించుకొనవలెను. డెబ్బది దాటిన బక్కపలుచని పెద్దలకు బరువు తగ్గుట కంటె బలము నిలుపుకొనుట ముఖ్యము.

అరణ్యములో ఇశ్రాయేలీయులకు మన్నా ఏ దినమునకు ఆ దినము, మనిషికింత అని కొలతతో ఇయ్యబడెను. ప్రభువు నేర్పిన ప్రార్థనలోను మనము అడుగునది ఆ దినపు ఆహారమే. కొలత శిక్ష కాదు, అది నమ్మకము. రేపు మరల దొరకునని నమ్మినవాడు ఈ పూట చాలుననగలడు.

కనుక సంఘముగా మూడు పనులు చేయుదము. ప్రేమవిందులో ఎవరి పళ్లెము వారే పెట్టుకొననిత్తుము, వద్దన్నవారి చేయి తోసి వడ్డించము. ఒకరి ఒంటిని చూచి, తగ్గినదనియు పెరిగినదనియు వ్యాఖ్యానింపము. మూడవది, పిడికెడు బియ్యపు కుండను మరల మన వంటిండ్లలో పెట్టుదము. ఒక్కరి పిడికెడు నెలకు 1200 గ్రాములగును. మన పేటలలో ఒంటరి విధవరాండ్రు, పనిచేయలేని వృద్ధులు ఉన్నారు. మనకు ఎక్కువైనది వారికి చాలినంత కావచ్చును.

ఆ సహోదరుని ఇంటికి మేము కలిసి వెళ్లి క్షమాపణ అడిగితిమి. ఇప్పుడాయన మాతో కాలువ గట్టున నడుచుచున్నాడు. ఎన్ని కిలోలు తగ్గెనో మేము అడుగలేదు, ఆయన చెప్పలేదు. గడచిన ఆదివారము ప్రేమవిందుకు ఆగి, పళ్లెములో తనకు కావలసినంత పెట్టుకొని, మా ప్రక్కనే కూర్చుండి తినెను. మాకు అది చాలును.

అట్టి సహవాసమును, చాలుననగల కృపను ప్రభువు మన సంఘములన్నిటికి దయచేయును గాక. ఆమేన్.