పిల్ల బడికి పోతోంది సరే, చదువుతోందా?

(తీజ్ పండుగ రోజుల్లో బచ్చన్నపేటలో తాండాల యువతీయువకుల సమావేశంలో గిరిజన బాలికల వసతి గృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

  

నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. చదువు అనగానే మనం ఇంజినీరింగ్ సీటు, గ్రూప్స్, పోలీసు ఉద్యోగం అంటాం. నేను ఈరోజు అంత దూరం పోను. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకానే మాట్లాడతాను. ఎందుకంటే పదో తరగతి తప్పిన పిల్లలను, ఇంటర్‌లో చదువు మానేసిన పిల్లలను నేను చాలామందిని చూశాను. వాళ్లలో చాలామంది చదువు పోయింది పదిలోనో ఇంటర్‌లోనో కాదు. రెండులోనో మూడులోనో పోయింది. బయటపడింది మాత్రం తర్వాత.

మా హాస్టల్‌కు ఏటా జూన్‌లో కొత్త పిల్లలు వస్తారు. వచ్చిన వారంలోనే ఒక్కొక్కరినీ పిలిచి రెండో తరగతి తెలుగు పుస్తకం చేతికిచ్చి చదవమంటాను. రెండేళ్ల కింద ఒక పిల్ల వచ్చింది. ఐదు పూర్తి చేసి ఆరుకు వచ్చింది. తల్లిదండ్రులు హైదరాబాద్‌లో బిల్డింగ్ పనికి పోయారు. దాదీ వెంటబెట్టుకొని వచ్చింది. నోట్‌బుక్కులు చూస్తే ముత్యాల్లాంటి రాత, ప్రతి పేజీకీ ఎర్ర టిక్కులు. పుస్తకం ఇస్తే మొదటి పాఠం గడగడా చెప్పేసింది. కానీ కళ్లు పుస్తకం మీద లేవు, గోడ మీద ఉన్నాయి. నేను పాఠం మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ‘ఇదేంటమ్మా’ అన్నాను. పలకలేదు. వేరే పేజీ తీసి ఇచ్చాను. మళ్లీ ఆ మొదటి పాఠమే మొదలుపెట్టింది. కాసేపటికి ఏడుస్తూ ఒకటే మాట అన్నది: ‘మా బాపుకు చెప్పొద్దు మేడం.’

ఐదేళ్లు బడికి పోయిన పిల్ల. మానకుండా పోయిన పిల్ల. చూసి రాయడం వచ్చు, విని అప్పజెప్పడం వచ్చు. చదవడం రాదు. ఆ సంగతి తండ్రికి తెలియదు, దాదీకి తెలియదు. టిక్కులు పెట్టినవాళ్లకు తెలుసో లేదో నాకు తెలియదు. ఆ పిల్లకు ఒక్కదానికే తెలుసు. ఐదేళ్లు ఆ భయం ఒక్కతే మోసింది.

ఇందులో నా తప్పు కూడా ఉంది. చాలా ఏళ్లు నేను తల్లిదండ్రులతో ‘మీకు చదువు రాదు కదా, పిల్లను మాకు వదిలేయండి, మేం చూసుకుంటాం’ అనేదాన్ని. ధైర్యం చెప్తున్నాననుకున్నాను. నిజానికి వాళ్లను చదువు దగ్గర నుంచి దూరం జరిపాను. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ గిరిజన మహిళల్లో చదవడం రాయడం వచ్చినవాళ్లు నూటికి 40 మంది లోపే. చదువుకున్న తల్లులే పిల్లలకు సాయం చేయగలరు అనుకుంటే మన తాండాల్లో సగానికి పైగా పిల్లలకు సాయమే లేనట్టు. అది నిజం కాదని నాకు నా ఇల్లే చెప్పాలి. మరిచిపోయాను.

నా సంగతి చెప్తాను. ఒకటో తరగతిలో సార్ నన్ను ‘ఏం తిన్నావ్’ అని అడిగారు. నేను ‘బాటి’ అన్నాను. తరగతి అంతా నవ్వింది. ఆ ఏడాది నేను మళ్లీ నోరు తెరవలేదు. మొద్దు పిల్ల అని పేరొచ్చింది. మా యాడి బడి ముఖం చూడలేదు. కానీ రోజూ సాయంత్రం రొట్టెలు చేస్తూ నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకొని, ఈరోజు సార్ ఏం చెప్పాడో నాకు చెప్పు అనేది. నేను గోర్ బోలిలో చెప్పేదాన్ని. మధ్యలో ఆపి, అదెందుకు, ఆ తర్వాత ఏమైంది అని అడిగేది. రేపు యాడికి చెప్పాలి కదా అని నేను బడిలో చెవులు పెట్టి వినడం మొదలుపెట్టాను. ఆమె నాకు ఒక్క అక్షరం నేర్పలేదు. కానీ నేను నేర్చుకున్నది ఆమె వల్లనే. ఈ సంగతి టీచర్ ట్రైనింగ్‌లో చేరిన తర్వాతగానీ నాకు అర్థం కాలేదు.

మన పిల్లలకు మొదటి ఏడాది ఎక్కడ కష్టమవుతుందో చెప్తాను. వాచకంలో అమ్మ బొమ్మ వేసి పక్కన ‘అ’ అని ఉంటుంది. తెలుగింటి పిల్ల బొమ్మ చూసి ‘అమ్మ’ అంటుంది, ‘అ’ దొరుకుతుంది. మన పిల్ల బొమ్మ చూసి ‘యాడి’ అంటుంది. నీళ్ల బొమ్మ చూపి ‘న’ అంటే మన పిల్ల నోట్లో వచ్చేది ‘పాణి’. అక్షరానికీ శబ్దానికీ ముడి పడదు. పిల్ల తెలివి తక్కువది కాదు. ఒకేసారి రెండు పనులు చేస్తోంది. కొత్త భాషా నేర్చుకోవాలి, ఆ భాషను చదవడమూ నేర్చుకోవాలి. 2022 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. అంటే మన పిల్లకు ఇప్పుడు మూడో భాష కూడా తోడైంది.

ఇది ప్రభుత్వాలకు తెలియని విషయం కాదు. రాజ్యాంగంలో 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన గురించి చెప్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండి, కొలామి, సవర లాంటి 8 గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి. మన బంజారా భాష కూడా అందులో ఉంది. కానీ ఆ పుస్తకాలు కొన్ని బడులకే అందాయి. అన్ని బడులకూ అవి రావాలని మన సంఘాలు అడగాలి. అది వచ్చేదాకా పిల్లలు ఆగరు కదా. ఇంట్లో చేయగలిగింది ఇంట్లో చేయాలి.

అసలు సంగతి మూడో తరగతి. మూడు దాకా బడి పిల్లకు చదవడం నేర్పుతుంది. నాలుగు నుంచి పుస్తకమే పాఠం చెప్తుంది. చదవడం రాని పిల్లకు ఆ పుస్తకం మూగది. అందుకే 2021లో కేంద్రం నిపుణ్ భారత్ పెట్టి, మూడో తరగతి అయ్యేసరికి ప్రతి పిల్లా అర్థం చేసుకొని చదవాలి, లెక్క చేయాలి అన్నది. 2022 ఆగస్టులో మన రాష్ట్రం తొలిమెట్టు మొదలుపెట్టింది. బడిలో ఆ పని జరుగుతోందా లేదా అని చూసే కన్ను ఇంట్లో ఉండాలి. ఆ కన్నుకు అక్షరం రానక్కరలేదు.

ఎలాగో చెప్తాను. మీ యాడీ బాపులకు కూడా చెప్పండి.

పిల్ల చదువుతుంటే పక్కన కూర్చొని, చదివే మాట కింద వేలు పెట్టమనండి. వేలు ఒకచోట, నోరు ఒకచోట ఉంటే అది చదవడం కాదు, అప్పజెప్పడం. పాఠం మధ్యలో ఒక మాట చూపించి అడగండి. అదే మాట ఇంకో పేజీలో ఎక్కడుందో వెతకమనండి. చివరికి ‘ఇందులో ఏముంది, మన మాటలో చెప్పు’ అనండి. చదువు రాని తల్లి కూడా ఈ పనులన్నీ చేయగలదు. తేడా కనబడితే పిల్లను కొట్టొద్దు, తిట్టొద్దు. భయపడిన పిల్ల దాచడం నేర్చుకుంటుంది. మా హాస్టల్ పిల్ల అదే నేర్చుకున్నది.

రెండోది లెక్కలు. మన పిల్లను 20 రూపాయలిచ్చి కిరాణం కొట్టుకు పంపి 13 రూపాయల సామాను తెమ్మంటే 7 రూపాయలు లెక్కపెట్టి తెస్తుంది. అదే పిల్లకు పలక మీద 20లో 13 తీసేయమంటే 13 అని వేస్తుంది. సున్నాలో 3 పోదు కాబట్టి పైదీ కిందదీ తిప్పి 3 వేస్తుంది, 2లో 1 పోతే 1. దానికి లెక్క రాక కాదు, కొట్టులో చేసిందీ పలక మీద చేసేదీ ఒకటేనని ఎవరూ చెప్పలేదు. రెండు పది నోట్లు ముందు పెట్టి, ఒక నోటు మార్చి పది రూపాయి బిళ్లలు ఇవ్వండి. ఇప్పుడు 13 తీయమనండి. బడిలో అప్పు తెచ్చుకోవడం అంటారే, అది చిల్లర మార్చుకోవడమే. మన దాదీలు కుట్టిన కాంచళీ మీద అద్దాల వరుసలు ఉంటాయి. వరుసకు ఆరు, నాలుగు వరుసలు, మొత్తం ఎన్ని? అది ఎక్కమే. పత్తి తూకం దగ్గర, పాల కేంద్రం దగ్గర పిల్లను పక్కన నిలబెట్టుకోండి. లెక్క కళ్ల ముందే జరుగుతుంది.

మూడోది మన భాష. కొంతమంది కొత్త తల్లిదండ్రులు పిల్లలతో గోర్ బోలి మానేసి రెండు ముక్కల ఇంగ్లిష్ మాట్లాడుతున్నారు. వద్దు. తన భాషలో కథ చెప్పగలిగిన పిల్ల ఇంకో భాషలో కథ త్వరగా అందుకుంటుంది. ఇంట్లో మాటలు తక్కువ విన్న పిల్ల ఏ భాషలోనూ గట్టిపడదు. సేవాలాల్ మహరాజ్ కథలు, దాదీ చెప్పే కథలు మాట్లాడుకోండి. తెలుగు, ఇంగ్లిష్ బడి నేర్పుతుంది. గోర్ బోలిని మీరు తప్ప ఎవరూ నేర్పరు.

నాలుగోది హాజరు. ఇప్పుడు తీజ్ నడుస్తోంది. పెళ్లికాని మన పిల్లలు బుట్టలో మట్టి పోసి గోధుమలు చల్లి తొమ్మిది రోజులు రోజూ నీళ్లు పోస్తారు. రెండు రోజులు మానేసి మూడో రోజు కుండెడు పోస్తే మొలక వస్తుందా? చదువూ అంతే. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు. వారానికి ఒక్క రోజు మానినా 30 రోజులకు పైగా పోతాయి. మనం పత్తి ఏరేటప్పుడు మాన్పిస్తాం, పెళ్లికి మాన్పిస్తాం, చిన్నవాళ్లను చూసుకోవడానికి ఆడపిల్లను మాన్పిస్తాం. గుణింతాలు చెప్పిన వారం పోయిన పిల్లకు ఒత్తులు చెప్పే వారం ఏమీ అర్థం కాదు. వలస పోక తప్పదంటే ఆ మాట ముందే టీచర్‌కు చెప్పండి. అక్కడి బడిలోనో ఇక్కడి హాస్టల్‌లోనో చేర్చే దారి ఉంది.

ఐదోది బడికి పోవడం. మనం బోనఫైడ్ కోసం పోతాం, స్కాలర్‌షిప్ కోసం పోతాం. పిల్ల చదువు అడగడానికి పోము. పోతే మూడే అడగండి. మా పిల్ల తనంతట తాను చదవగలుగుతోందా? తీసివేత చేయగలుగుతోందా? ఈ నెల ఎన్ని రోజులు రాలేదు? మార్కులు తర్వాత. గొడవకు పోయినట్టు పోవద్దు. ఒకరిద్దరు టీచర్లు ఐదు తరగతులు లాగే బడులు మన తాండాల్లో ఉన్నాయి. అక్కడ టీచర్‌కు మీరు తోడు. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి, మహిళా సంఘాల అక్కలు అందులో ఉన్నారు. గోడలు, నల్లాలు, లైట్లతో పాటు పిల్లల చదువు మాట కూడా ఆ కమిటీలో ఎత్తమని మీ ఇంటి ఆడవాళ్లకు చెప్పండి. వ్యాన్ ఎక్కించి ప్రైవేటుకు పంపినా ఈ మూడు ప్రశ్నలే అడగాలి. టై కట్టినంత మాత్రాన చదవడం వచ్చినట్టు కాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇప్పుడు మీ మాట. మీలో చాలామంది మీ ఇంట్లో మొదటిసారి చదువుకున్నవాళ్లు. తాండాలో ఏ కాగితం వచ్చినా మీ దగ్గరికే తెస్తారు. వారంలో మూడు సాయంత్రాలు, అరగంట చొప్పున, మీ ఇంటి చుట్టుపక్కల ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టుకోండి. ట్యూషన్ చెప్పమనడం లేదు. చదివించండి, వినండి, మన మాటలో చెప్పించండి. రాకపోతే తిట్టకండి. మొద్దు అన్న మాట ఎంత కాలం వెంట వస్తుందో నాకు తెలుసు.

ఆ పిల్ల ఏమైందో చెప్పి ముగిస్తాను. నేను వాళ్ల బాపుకు చెప్పలేదు. ‘నువ్వే చెప్పాలి, చదివి చెప్పాలి’ అన్నాను. మొదట తెలుగు పాఠం పక్కన పెట్టాను. ‘మీ ఇంట్లో మేకల గురించి చెప్పు’ అన్నాను. గోర్ బోలిలో చెప్పింది. అదే మాటలను తెలుగు అక్షరాల్లో నేను రాశాను. తన నోటి మాట కాగితం మీద కనబడేసరికి దాని మీద వేలు పెట్టింది. అక్కడి నుంచి అక్షరాలు విడదీశాం. రోజూ రాత్రి అన్నం తిన్నాక అరగంట. దసరాకు చిన్న మాటలు వచ్చాయి. సంక్రాంతి సెలవులకు తీసుకుపోవడానికి వాళ్ల బాపు వచ్చాడు. ఆ మేకల కాగితం తీసి ఆయన ముందు వేలు పెట్టి, ఆగి ఆగి చదివింది. ఆయన కాసేపు విని, ‘ఇది మన మాటే కదా’ అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు. కాగితం మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ పిల్ల ఇప్పుడు తెలుగు చదువుతుంది. లెక్కల్లో ఇంకా వెనకనే ఉంది, ఇంగ్లిష్‌కు ఇంకా భయపడుతుంది. పోయిన ఐదేళ్లు ఒక్క ఏడాదిలో తిరిగి రావు. అందుకే ఇంత చెప్పాను. ఒకటో తరగతిలో, రెండో తరగతిలో ఎవరైనా ఒకరు సాయంత్రం పక్కన కూర్చొని ‘ఇదేంటమ్మా’ అని వేలు పెట్టి ఉంటే, ఆ పిల్ల నా దగ్గర ఏడ్చేది కాదు.

ఈరోజు ఇంటికి పోయాక మీ తాండాలో ఒక పిల్లను పిలిచి చదివించి చూడండి. వచ్చే తీజ్‌కు మళ్లీ కలుద్దాం. ఆ పిల్లను కూడా తీసుకురండి.

జై సేవాలాల్.