తాతగారి బెంజి లారీ: గుర్తుపట్టడం ఎలా, మళ్లీ నిలబెట్టడం ఎలా

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక మెయిల్‌కి జవాబు. పశ్చిమ గోదావరి నుంచి ఒక సబ్‌స్క్రైబర్ ఫొటోలు పంపారు. రైస్ మిల్లు వెనకాల, తుమ్మ చెట్టు కింద, వాళ్ల తాతగారి లారీ. ముందు మూడు కొమ్మల స్టార్ ఉంది. "ఇది జర్మనీ నుంచి దిగిన బెంజి అని మా ఇంట్లో చెప్తారు. పాత ఇనుము వాళ్లు కిలోల లెక్కన అడుగుతున్నారు, బాబాయిలు ఇచ్చేద్దాం అంటున్నారు. ఏం చేయమంటారు?" అని అడిగారు.

ముందు జర్మనీ సంగతి తేల్చేద్దాం. దాదాపు కచ్చితంగా అది జర్మనీ నుంచి రాలేదు, జంషెడ్‌పూర్ నుంచి వచ్చింది. 1954లో టెల్కో, అంటే ఇప్పటి టాటా మోటార్స్, డైమ్లర్ బెంజ్‌తో 15 ఏళ్లకి ఒప్పందం చేసుకుంది. ఆ బళ్లే టాటా మెర్సిడెస్ బెంజ్. మన ఊళ్లలో బెంజి లారీ అన్నది వీటినే. 1969లో ఒప్పందం అయిపోయింది, స్టార్ పోయి దాని స్థానంలో టాటా వాళ్ల టి గుర్తు వచ్చింది. జర్మనీది కాదని బాధపడకండి. నన్నడిగితే ఇదే ఎక్కువ విలువైన కథ, ఎందుకంటే ఈ బళ్లతోనే మన దగ్గర డీజిల్ లారీ పాతుకుపోయింది.

అయితే స్టార్ చూసి సంవత్సరం చెప్పేయకండి. స్టార్ రెండు బోల్టులతో ఊడుతుంది, రెండు బోల్టులతో ఎక్కుతుంది. ముచ్చటపడి పెట్టించుకున్నవాళ్లు ఎంతమందో!

క్యాబిన్ చూసి కూడా చెప్పలేం. ఇది చాలామందికి తెలియని పాయింట్, కాస్త ఆగి వినండి. ఆ రోజుల్లో కంపెనీ నుంచి లారీ లారీగా వచ్చేది కాదు. ఛాసిస్, ఇంజన్, ముందు ముక్కు, స్టీరింగ్, అంతే. దాన్నే కౌల్ ఛాసిస్ అంటారు. డ్రైవరు ఎండలో, వానలో, డబ్బాల మీదో తాత్కాలిక సీటు మీదో కూర్చుని నడుపుకొచ్చేవాడు. క్యాబిన్, వెనక తొట్టి కట్టించుకోవడం ఓనర్ పని. టేకు చెక్కతో ఫ్రేమ్, దాని మీద రేకు కొట్టి మన విజయవాడ లాంటి చోట బాడీ బిల్డర్లు కట్టేవారు. పదేళ్లకి చెక్క పుచ్చితే మళ్లీ కట్టేవారు. కాబట్టి "ఒరిజినల్ క్యాబిన్ ఎలా ఉండేది?" అని నెట్‌లో జర్మన్ బ్రోషర్లు వెతకడం దండగ. మీ బండికి ఒరిజినల్ అంటే మీ తాతగారు కట్టించిందే.

మరి దేన్ని నమ్మాలి? ఛాసిస్ నంబర్‌ని, ఆర్సీని, ఇంజన్ కొలతని.

ఛాసిస్ నంబర్ సాధారణంగా ముందు చక్రం దగ్గర, పొడుగు ఛాసిస్ పట్టీ మీద గుద్ది ఉంటుంది. మామూలుగా కుడివైపు, దొరక్కపోతే ఎడమ కూడా చూడండి. దాని మీద యాభై ఏళ్ల గ్రీజు, మట్టి, పెయింటు ఉంటాయి. కిరోసిన్, గుడ్డ, మెత్తటి బ్రష్, ఓపిక. గ్రైండర్ మాత్రం దగ్గరికి రానివ్వద్దు. ఒక్క అంకె అరిగినా రేపు ఆర్టీవో ఆఫీసులో మీరు దొంగబండి ఓనర్‌లా నిలబడాలి. శుభ్రం చేశాక నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు తీసుకునే ఛాసిస్ ప్రింట్ అదే. ఆర్సీలో నంబర్‌తో పోల్చండి. కలిస్తే మీ దగ్గర బండి ఉన్నట్టు. కలవకపోతే ఏ పనీ మొదలుపెట్టకండి, ముందు కాగితాల సంగతి తేలాలి.

ఫొటోలో ఇంకోటి కూడా చూశాను. క్యాబిన్ నుదుటి మీద నీలం పెయింటు పెచ్చులూడిన చోట "పబ్లిక్ క్యారియర్" అక్షరాలు లీలగా కనిపిస్తున్నాయి. అది అలంకారం కాదండీ. 1939 మోటారు వాహనాల చట్టంలో పబ్లిక్ క్యారియర్, ప్రైవేట్ క్యారియర్ అని రెండు పర్మిట్లు ఉండేవి. 1989 జులైలో కొత్త చట్టం అమల్లోకి వచ్చాక ఆ తేడా పోయింది. అలవాటుకొద్దీ తర్వాత కూడా రాయించారు, అది వేరే సంగతి. నంబర్ ప్లేటు కూడా ఏ తో మొదలయ్యే మూడక్షరాల పాత సిరీసే. ఈ రెండూ కలిపితే బండి కనీసం ఆ చట్టం ముందుది. ఆ అక్షరాల మీద దయచేసి కొత్త పెయింటు కొట్టించకండి.

ఇంజన్‌కి వద్దాం. బీటెక్‌లో చదివిన బోర్, స్ట్రోక్ ఎక్కడైనా పనికొచ్చిందంటే ఇక్కడే. తొలి బెంజి లారీల్లో ఓఎం 312 ఇంజన్. ఆరు సిలిండర్లు, బోర్ 90 మి.మీ., స్ట్రోక్ 120, మొత్తం 4.58 లీటర్లు. ఇందులో 312 అనేది టైపు నంబర్. మూడు టన్నులు, 120 హార్స్‌పవర్ అని చదవకండి. ఆ లెక్క తర్వాత వచ్చిన 1210 లాంటి పేర్లది: సుమారు 12 టన్నుల మొత్తం బరువు, 100 హార్స్‌పవర్ తరగతి. టాటా 692 అంటే 6 సిలిండర్లు, 92 బోర్. 697 అంటే 97 బోర్, 128 స్ట్రోక్, 5.675 లీటర్లు. పేరులోనే కొలత పెట్టారు, నాకు భలే నచ్చుతుంది ఈ పద్ధతి. హెడ్ ఊడదీసినప్పుడు లేత్ షాపు వాళ్లతో బోర్ కొలిపించండి. రీబోర్ అయ్యుంటే కాస్త పెరిగి ఉంటుంది, కానీ 90కీ 97కీ తేడా దాగదు. హెడ్‌కి గ్లో ప్లగ్గులుంటే పాత 312 వైపు అనుమానించండి, 697కి అవి ఉండవు. ఇంజన్ మారి ఉంటే కంగారొద్దు, పని చేసిన లారీకి ఇంజన్ మారడం మామూలే. ఆర్సీలో ఎక్కించారా లేదా అన్నదే ప్రశ్న.

స్టార్ లేని బళ్లున్నవాళ్లకి ఒక్క మాట: బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు డాడ్జ్, ఫార్గో, కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ బెడ్‌ఫోర్డ్, మద్రాసు దగ్గర ఎన్నూరులో లేలాండ్ కామెట్. వాటికి ఇంకో ఎపిసోడ్ చేద్దాం.

ఇప్పుడు నిలబెట్టడం. మెయిల్‌లో రాశారు, "కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టి చూస్తాం" అని. వద్దు! ఏళ్ల తరబడి ఆగిన ఇంజన్‌లో రింగులు పట్టేసి ఉంటాయి. ఇంజెక్టర్లు తీసి ఒక్కో సిలిండర్‌లో కొంచెం డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి నాలుగైదు రోజులు వదిలేయండి. తర్వాత ముందు పుల్లీ దగ్గర నుంచి చేత్తో తిప్పండి. కదలకపోతే మళ్లీ నానబెట్టండి, బలవంతం చేయకండి.

దానికన్నా పెద్ద ప్రమాదం డీజిల్ పంపు. మనవాళ్లు మైకో పంపు అంటారు. పాత డీజిల్ జిగురులా మారి లోపల ర్యాక్ పట్టేస్తుంది. ఫుల్ డీజిల్ దగ్గర పట్టేసి ఉండగా స్టార్ట్ అయిందనుకోండి, స్విచ్ ఆపినా ఆగదు, స్పీడు పెరుగుతూనే ఉంటుంది, చివరికి పగులుతుంది. అందుకే పంపు విప్పి పంపు షాపులో చూపించి బిగించాకే స్టార్ట్ చేయాలి. అప్పుడు కూడా గాలి పీల్చే గొట్టం దగ్గర ఒక మనిషి దాన్ని పూర్తిగా మూసే చెక్క పట్టుకుని నిలబడాలి. చేయి అడ్డం పెట్టకూడదు.

చక్రాల సంగతి మీరు అసలు అడగలేదు, అదే నాకు భయం. ఆ 20 అంగుళాల రిమ్ముకి పక్కన లాక్ రింగ్ ఉంటుంది. తుప్పు పట్టిన రింగ్ గాలి పడుతుండగా ఊడి వచ్చిందంటే మనిషి తలని తీసుకెళ్తుంది. అతిశయోక్తి కాదు. పాత టైర్లలో గాలి కొట్టకండి. లారీ టైర్ల షాపు వాళ్లతో విప్పించి, రింగ్ చూపించి, ఇనుప బోనులో పెట్టి నింపించండి. ఆ తర్వాత బ్రేకులు: రబ్బరు గొట్టాలు, వీల్ సిలిండర్లు అన్నీ కొత్తవి. బ్రేకు పట్టే వరకు ఇంజన్ మోగినా బండి కదలకూడదు. కమాన్ కట్టలు, క్లచ్, వైరింగ్ ఏ ఆటోనగర్‌లోనైనా అయ్యే పనులు. పెయింటు అన్నిటికన్నా చివర.

అందరూ అడిగేది, వింటేజ్ నంబర్ వస్తుందా అని. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల్లో వింటేజ్ అంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, అసలు రూపం మారని టూవీలర్లు, ఫోర్ వీలర్లు. నంబర్లో వీఏ అక్షరాలు వస్తాయి, కిరాయికి తిప్పకూడదు. వెనక జంట టైర్లతో ఆరు చక్రాల సరుకు లారీ ఆ నిర్వచనంలో హాయిగా ఇమడదు. కాబట్టి ఆ నంబర్ మీద ఆశతో డబ్బు పెట్టకండి. ముందు ఆర్టీవోని రాతపూర్వకంగా అడగండి, ట్యాక్సు బకాయి ఎంతుందో కూడా తెలుసుకోండి. ఒకవేళ బాబాయిల మాటే నెగ్గినా, ఆర్సీ రద్దు చేయించకుండా ఇనుము వాళ్లకి ఇవ్వొద్దు. కాగితాల మీద బండి తాతగారి పేరునే తిరుగుతూ ఉంటుంది.

నా సలహా అడిగారు కాబట్టి: ఇప్పుడే ఇవ్వకండి. బాబాయిలని ఒక్క సీజన్ గడువు అడగండి. ఛాసిస్ పట్టీలు సుత్తితో కొట్టి వినండి. ఖంగుమంటే ఇనుము బాగుంది, పొట్టు రాలుతూ మొద్దుగా మోగితే లోపల తినేసింది. ఛాసిస్ బాగుండి నంబర్ కలిస్తే మిల్లు ఆవరణలో కదిలే బండిగా చేయండి చాలు. ఛాసిస్ పోయుంటే ఇంజన్, ముక్కు, ఆ నుదుటి చెక్క ఉంచుకుని మిగతాది వదిలేయండి.

ఛాసిస్ ప్రింట్ ఫొటో పంపండి, చివరి నాలుగు అంకెలు వేలితో మూసి. బోర్ కొలత కూడా. అవి వచ్చాక మైకో పంపు విప్పడం మీద ఎపిసోడ్ చేస్తాను. ఉంటానండీ.