పిల్లల చదువు ఎవరి చేతుల్లో ఉండాలి? అమ్మానాన్నలా, సర్కారా?

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఒక్కటే ప్రశ్న. మీ పాప ఏ మీడియంలో చదవాలో ఎవరు డిసైడ్ చేయాలి? మీరా, గవర్నమెంటా? "నా పిల్లలు, నా ఇష్టం, ఇందులో అడగడానికేముంది" అంటారు చాలామంది. సరే, ఆ మాట కోర్టుదాకా వెళ్తే ఏమైందో చూద్దాం.

2019 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 81, ఆ తర్వాత జీవో 85 ఇచ్చింది. సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లీష్ మీడియమే, తెలుగు ఒక సబ్జెక్టుగా ఉంటుంది అని. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ రెండింటినీ కొట్టేసింది. విద్యాహక్కు చట్టం సెక్షన్ 29 ఏమంటుందంటే, వీలైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలి అని. పైగా మీడియం ఎంచుకునే హక్కు తల్లిదండ్రులది, పిల్లలది.

ఇప్పుడు అసలు ట్విస్ట్ వినండి. తర్వాత ప్రభుత్వం తల్లిదండ్రుల దగ్గర రాతపూర్వకంగా ఆప్షన్ తీసుకుంది. 96 శాతానికి పైగా ఇంగ్లీష్ మీడియానికే టిక్ పెట్టారు! అంటే తల్లిదండ్రుల హక్కు పేరు మీద తెలుగు మీడియాన్ని కాపాడితే, అదే హక్కుతో వాళ్లు ఇంగ్లీష్ అడిగారు. ఇందులో నవ్వడానికేం లేదు. హక్కు అంటే మనకు నచ్చిన జవాబు రావడం కాదు కదా.

పక్క రాష్ట్రం కర్ణాటకలో ఇది రివర్స్. 1994లో అక్కడి ప్రభుత్వం, నాలుగో తరగతి దాకా మాతృభాషలో లేదా కన్నడలోనే చెప్పాలంది. ఇరవై ఏళ్లు నడిచింది ఆ గొడవ. 2014 మే 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పిందేంటంటే, మాతృభాషలో చదివితే మంచిదే కావచ్చు, కానీ రాష్ట్రం దాన్ని బలవంతంగా రుద్దలేదు. ఇంకోటి కూడా చెప్పింది. బిడ్డ మాతృభాష ఏదో చెప్పాల్సింది తల్లిదండ్రులే.

ఈ పాయింట్ మన ఏరియాకి బాగా వర్తిస్తుంది. నాచారం, చర్లపల్లి కంపెనీల్లో పనికి ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్లు మన చెంగిచెర్ల చుట్టుపక్కల ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఒడియా మాట్లాడే ఇంట్లో పిల్లాడికి తెలుగు మీడియం పెడితే అది మాతృభాషా బోధన అవుతుందా? ఆఫీసులో కూర్చుని జీవో రాసేవాళ్లకి ఈ పిల్లాడు కనిపించడు. వాళ్లమ్మకి కనిపిస్తాడు.

మరి అన్నీ తల్లిదండ్రులకే వదిలేద్దామా? అలా కూడా కుదరదు. తండ్రి "బడి వద్దు, పనికి పో" అంటే? అది ఎంపిక కాదు. రాజ్యాంగం 21ఎ ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల దాకా చదువుకునే హక్కు పిల్లలది. బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని విద్యాహక్కు చట్టం సెక్షన్ 10లో ఉంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. 1991 నుంచి మన పాత రంగారెడ్డి జిల్లాలోనే శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ పనిలో ఉన్న పిల్లల్ని బడికి తెచ్చే పని మొదలుపెట్టింది. పేదోళ్లకి చదువు మీద ఇష్టం ఉండదు అనేది అప్పట్లో పెద్ద నమ్మకం. దారి చూపిస్తే కూలి చేసుకునే తల్లిదండ్రులు కూడా పిల్లల్ని పంపిస్తారని వాళ్లు చేసి చూపించారు.

అందుకే నా లెక్క ఇది. బడి ఉందా, టీచర్ ఉన్నాడా, పిల్లలు రోజూ వస్తున్నారా అనేది ప్రభుత్వం చూడాలి, గట్టిగా చూడాలి. ఏ భాషలో, ఏ బడిలో అన్నది ఇంటివాళ్లు చూసుకోవాలి. భాష బతకాలంటే తెలుగును ఒక సబ్జెక్టుగా తప్పనిసరి చేయొచ్చు. తెలంగాణ 2018లో చట్టం చేసింది అందుకే. అది వేరు, మీడియం మొత్తం రుద్దడం వేరు.

కానీ ఎంచుకునే హక్కు జేబులో డబ్బున్నవాడికే ఉంటే దాన్ని హక్కు అనలేం. ప్రైవేట్ బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకి ఇవ్వాలని అదే చట్టం సెక్షన్ 12లో ఉంది. తెలంగాణ వచ్చాక కూడా అది ఏళ్ల తరబడి అమలు కాకుండానే ఉండిపోయింది. పొద్దున ఉప్పల్ రోడ్డు మీద వరసగా పోయే స్కూల్ వ్యాన్లు చూడండి. అందులో సీటు కొనగలిగినవాళ్లకే ఇవాళ చాయిస్ ఉంది.

మీరు చేయగలిగింది ఒకటుంది. సర్కారు బడిలో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉంటుంది. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. బడికి వచ్చిన డబ్బు ఎలా ఖర్చవుతుందో చూసే అధికారం, బడి అభివృద్ధి ప్లాన్ రాసే అధికారం ఆ కమిటీకి చట్టమే ఇచ్చింది. చాలా చోట్ల అక్కడ సంతకం పెట్టి ఇంటికెళ్లిపోతాం. ఈసారి మీటింగ్‌కి పిలిస్తే, సంతకం పెట్టే ముందు ఒక్కసారి ఆ ప్లాన్ కాగితం అడిగి చదవండి. లేదంటే, ఎందుకు లేదో అడగండి.

మీ బడిలో కమిటీ నడుస్తుందా, పేరుకే ఉందా, కింద కామెంట్‌లో రాయండి.