పెద్దతెర ఆటలు చేతిఫోనులో ఇముడునా?

టెలివిజనుకు తగిలించి ఆడు యంత్రమును కన్సోలు అందురు. అట్టి యంత్రమునకై ఏండ్లతరబడి శ్రమించి తయారుచేసిన ఆటను వేరొక యంత్రమునకు తరలించుటను ఆ వృత్తివారు పోర్టు అని పిలుతురు. ఇటువంటి పోర్టులు కొన్ని సంవత్సరములుగా చేతిఫోనులలోనికి వచ్చుచున్నవి. అవి అచట ఉండదగినవా, కావా అను ప్రశ్నపై ఆటలెరిగినవారిలో వివాదము కలదు. చూచుటకిది తీరికగల కుర్రవాండ్ర తగవువలె తోచును. కాని నిజామాబాదు పట్టణమునందును, బోధను చుట్టుపట్ల చెరకు పల్లెలయందును ఈ ప్రశ్నకు వేరొక ముఖము కలదు. ఇచ్చటి పెక్కు ఇండ్లలో కన్సోలు లేదు, కంప్యూటరును లేదు, ఉన్నది ఫోనొక్కటే. ఆ ఫోనైనను ఒకరి సొత్తు కాదు. దుబాయిలోనో మస్కటులోనో పనిచేయు తండ్రి రాత్రివేళ ముఖము చూపునది అందులోనే. తల్లి చుట్టిన బీడీల కూలి బ్యాంకులో పడినదను కబురు వచ్చునది అందులోనే. బడి పాఠము, గ్యాసుబండ బుకింగు అన్నియు అందులోనే. ఇన్ని పనుల నడుమ చిక్కిన వ్యవధిలో పిల్లవాడు ఆడుకొనవలెను. కావున ఈ ఆటలు ఫోనులో ఉండదగునా అని అడుగుట, ఆ పిల్లవానికి ఇవి అసలు దక్కునా అని అడుగుటయే యగును.

ముందు ధరల మాట చూతము. ప్లేస్టేషన్ 5 అను కన్సోలు మన దేశమున 2021 ఫిబ్రవరిలో 49,990 రూపాయలకు విడుదలయ్యెను. 2022 నవంబరులో దాని ధర 54,990 రూపాయలాయెను. ఒక్కొక్క క్రొత్త ఆటకు నాలుగైదు వేలు వేరుగా పెట్టవలెను. 2024–25 సీజనునకు కేంద్రప్రభుత్వము చెరకునకు నిర్ణయించిన ధర క్వింటాలుకు 340 రూపాయలు. అనగా పదునారు టన్నుల చెరకు అమ్మినగాని ఆ యంత్రమొకటి ఇంటికి రాదు. ఇంతకంటె వింత యొకటి కలదు. 2021లో కన్సోళ్లకై వచ్చిన రెసిడెంట్ ఈవిల్ విలేజ్ అను ఆటను 2023 అక్టోబరులో ఏ కోతయు లేకుండ ఐఫోనునకు తెచ్చిరి. లోకము ఆశ్చర్యపడెను. అయితే అపుడది నడచుటకు ఐఫోన్ 15 ప్రో కావలసియుండెను. మన దేశమున దాని ధర 1,34,900 రూపాయలతో మొదలయ్యెను. దాదాపు నలువది టన్నుల చెరకు! ఒక ఎకరములో పండినదంతయు అమ్మినను అది చాలుట కష్టము. పేదవాని చేతికి పెద్ద ఆట వచ్చినదని చెప్పుకొన్న మాటకు అర్థమేమి? రెండు కన్సోళ్ల వెలగల ఫోనులో కన్సోలు ఆట నడచుట యంత్రనిపుణులకు విజయము కావచ్చును. బోధనులోని బాలునికి దానితో నిమిత్తము లేదు.

ఇచ్చట మనవారికి బాగుగ తెలిసిన ఒక విషయమును జ్ఞప్తికి తెత్తును. నిజాంసాగరు నీటితో పండిన చెరకును ఆధారము చేసికొని 1937–38 ప్రాంతమున బోధను శక్కర్‌నగరులో నిజాము చక్కెర కర్మాగారము వెలసినది. 2015 డిసెంబరులో అది మూతపడినది. ఆ కర్మాగారమునందు రసమును శుద్ధిచేసి, గాలి తీసివేసిన పెద్ద పాత్రలలో తక్కువ వేడిమిపై కాచి, గిరగిర తిరుగు యంత్రములలో పలుకును మొలాసిస్ నుండి వేరుచేసెడివారు. పొలముగట్టున రైతు అదే రసమును వెడల్పాటి పెనములో పోసి, క్రింద మంట పెట్టి, మడ్డి తీయుచు, పాకము ముదిరినపుడు దించి బెల్లము చేయును. రసమొక్కటే, పాత్ర వేరు. పెనములో చక్కెర పలుకు దీయవలెనని ఏ రైతును ప్రయత్నింపడు. ఆ పెనము ఏమి చేయగలదో అతడెరుగును. బెల్లము చక్కెర కాలేక మిగిలిపోయిన పదార్థము కాదు, తనకు తానే ఒక రుచి. ఫోనునకు వచ్చు ఆటలనుగూర్చి నా అభిప్రాయము ఇంతే: పెనములో చక్కెర వండబూనినవారే ఎక్కువ, బెల్లము వండినవారు కొలదిమంది.

చక్కెర వండబూనిన దానికి ఉదాహరణము గ్రాండ్ థెఫ్ట్ ఆటో: సాన్ ఆండ్రియాస్. ఇది 2004లో ప్లేస్టేషన్ 2 కొరకు వచ్చి, 2013 డిసెంబరులో ఫోనులకు చేరినది. మన ప్రాంతపు కుర్రవాండ్రకు పేరు చెప్పనక్కరలేదు. కన్సోలుతో వచ్చు కంట్రోలరునకు రెండు చిన్న పుల్లలు, పదికి మించిన మీటలు ఉండును. ఎడమ బొటనవ్రేలు నడిపించును, కుడి బొటనవ్రేలు చూపును త్రిప్పును, చూపుడువ్రేళ్లు వెనుకనున్న మీటలను నొక్కును. కన్నులు మాత్రము టెలివిజనును వీడవు. ఏ మీట ఎచ్చటనున్నదో వ్రేలికే తెలియును. ఫోనునకు తెచ్చినపుడు ఈ మీటలన్నిటిని అద్దముపై బొమ్మలుగా చిత్రించిరి. అద్దమునకు అంచు లేదు, గుంట లేదు. వ్రేలు దారి తప్పినదని వ్రేలికి తెలియదు. పైగా అరచేయంత తెరలో రెండు బొటనవ్రేళ్లు మూడవ వంతు స్థలమును కప్పివేయును. ఆ ఆటలో పరుగెత్తు రైలు ప్రక్కన మోటారుసైకిలు నడుపవలసిన ఘట్టమొకటి కలదు. కన్సోలుపైననే కష్టమని పేరుపడినది. ఫోనుపై ఆడినవాడు రైలును చూచుటకంటె తన వ్రేలినే ఎక్కువగా చూచుకొనును. ఆటగాని నైపుణ్యము లోపించుటవలన ఓడిన ఓటమి వేరు, మీట చిక్కకపోవుటవలన ఓడిన ఓటమి వేరు. మొదటిది పిల్లవానిని మరల ఆడించును; రెండవది విసిగించును. అయినను ఒక మేలు చెప్పవలెను: మొదటి రూపములో మధ్యలో ఓడిన పని మరల మొదటినుండి చేయవలసియుండగా, ఫోను రూపములో నడుమ నడుమ ఆగి కొనసాగించు వీలు కల్పించిరి. ఎవరో ఒకరు ఫోను ఎట్లు వాడుదురో ఆలోచించిరన్నమాట. ఆ ఆలోచన మీటలవరకు పోలేదు.

బెల్లము వండినదానికి ఉదాహరణము స్టార్‌డ్యూ వ్యాలీ. ఎరిక్ బరోన్ అను అమెరికను యువకుడు ఏండ్లతరబడి ఒంటరిగా కూర్చుండి దీనిని తయారుచేసి, 2016లో కంప్యూటరుకు విడుదల చేసెను. అదే సంవత్సరము కన్సోళ్లకు, 2018లో ఐఫోనునకు, 2019లో ఆండ్రాయిడ్ ఫోనులకు వచ్చెను. ఇది సేద్యపు ఆట. తాతగారి భూమిని అందుకొన్న మనుమడు దానిని బాగుచేసికొనుట కథ. విత్తు నాటవలెను, నీరు పోయవలెను, కోతకు వచ్చువరకు దినములు లెక్కింపవలెను. ఫోనునకు మార్చినపుడు మీటలను చిత్రించుటతో తృప్తిపడలేదు. చోటును తాకిన మనుష్యుడు అచటికి నడచును. మడిని తాకిన తగిన పనిముట్టు తానే చేతికి వచ్చును. అన్నిటికంటె ముఖ్యమైన మార్పు మరియొకటి. కన్సోలుపై ఆటలోని మనిషి రాత్రి పండుకొనినగాని ఆ దినపు పని భద్రపడదు. ఫోనులో అట్లు కాదు; ఎప్పుడు విడిచిపోయినను మరల అచ్చటనే అందుకొనవచ్చును. మస్కటునుండి తండ్రి పిలిచినపుడు ఆటను వదలివేయవలసిన పిల్లవానికి ఈ చిన్న ఏర్పాటు ఎంత అవసరమో వేరుగా చెప్పనేల? కన్సోలు గదిలో ఒక మూల తన ఆటకొరకే కూర్చుండియుండును. ఫోను ఇంటిల్లిపాదికి ద్వారబంధము వంటిది. ద్వారమున ఆడుకొనువాడు రాకపోకలకు తప్పుకొనుచుండవలెను. ఈ ఆటలో పిండిమరకు బీటుదుంపలు వేసిన చక్కెర వచ్చును. శక్కర్‌నగరు కూత విన్న పెద్దలకు ఇది నవ్వు పుట్టించవచ్చును.

పబ్‌జీ సంగతి తెలియనివారు లేరు. కంప్యూటరుపై 2017లో పుట్టి, 2018 మార్చిలో ఫోనునకు వచ్చి, 2020 సెప్టెంబరులో మన దేశమున నిషేధింపబడి, 2021 జూలైలో బీజీఎంఐ అను క్రొత్తపేరుతో మరల వచ్చెను. దాని మంచిచెడ్డలు వేరొక ప్రసంగమునకు తగినవి. ఇచ్చటికి సంబంధించినది ఒక్కటే: ఎదుటనున్న సామగ్రిని మనిషి తానే ఏరుకొనునట్లును, గురి కొంత దానంతటదే కుదురునట్లును దానిని ఫోనుకై మరల కట్టిరి. అందుచేతనే అది తక్కువ వెల ఫోనులలో సయితము ఊరూర నిలిచినది.

ఆటలు పాత్రలు మార్చుట నేటి వింత కాదు. గుడ్డపై కుట్టిన పచ్చీసు, గవ్వలతో ఆడునది, ఇంగ్లండుకు పోయి 1896లో లూడో అను పేరున పేటెంటు పొందెను. 2016లో లూడో కింగ్‌గా ఫోనులోనికి తిరిగివచ్చెను. గవ్వల గలగల పోయినది, ఎదుటివాని దొంగాటను చేయిపట్టి ఆపు సుఖము పోయినది. కాని దుబాయి గదిలోని తండ్రియు బోధనులోని కూతురును ఒకే పటముపై ఆడగలుగుచున్నారు. 1984లో మాస్కోలో పజిత్నోవ్ కల్పించిన టెట్రిస్ 1989లో చేతిలో ఇముడు గేమ్‌బాయ్ అను చిన్న యంత్రమునకు వచ్చి, అచ్చటనే తన నిజమైన ఇల్లు కనుగొనెను. దానికి కావలసినవి నాలుగైదు మీటలు, రెండు నిమిషముల తీరిక. కొన్ని ఆటలకు చిన్నపాత్రయే మేలు.

పోర్టులను పూర్తిగా త్రోసివేయువారు ఒక విషయమును మరచుచున్నారు. ఫోనుకొరకే పుట్టిన ‘ఉచిత’ ఆటలలో పెక్కింటి వ్యాపారమేమి? నడుమ నడుమ ప్రకటన చూడుమని, లేక పచ్చరాళ్లు కొనుమని, లేక రేపు మరల రమ్మని పిలుచుట. వాటికి ముగింపు లేదు. ముగిసిన వ్యాపారము ముగియును. ఒకమారు కొన్ని వందల రూపాయలిచ్చి కొన్న స్టార్‌డ్యూ వంటి ఆట మరల చేయి చాపదు. కన్సోలు ఆటలలో అనేకము కథవలె మొదలై కథవలె ముగియును. పిల్లవాడు ఒకనాడు ఆడి పూర్తిచేసి ఫోను క్రింద పెట్టును. తల్లిదండ్రులకు నేనైతే ఉచితమైనదానికంటె దీనినే సూచింతును. వెల ముందే తెలియుచున్నది గదా!

యంత్రపు పరిమితి మాటయు అనవలెను. కన్సోలునందు చల్లార్చుటకు పంకా ఉండును. సాధారణపు ఫోనులో ఉండదు. నిజామాబాదులో మే మాసపు ఎండ నలువది నాలుగు డిగ్రీలు దాటినపుడు, రేకుల కప్పు క్రింద పెద్ద ఆట నడపిన ఫోను అరగంటలో కాలిపోవునట్లగును. అపుడది తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును, తెర వెలుతురు తగ్గును, ఆట తడబడును. బ్యాటరీ సంగతి సరేసరి. ఆ బ్యాటరీయే రాత్రి తండ్రి పిలుపునకు మిగిలియుండవలెను. సాన్ ఆండ్రియాస్ రెండు జి.బి.కి పైగా స్థలము తీసికొనును. దానికై పెండ్లి ఫోటోలు తుడిచివేసిన ఇండ్లు ఉండకపోవు.

చివర అక్షరముల మాట. టెలివిజనుపై పది అడుగుల దూరమునుండి చదువుటకు వ్రాసిన సంభాషణ, ఫోనునకు తగ్గించినపుడు చీమకాళ్లంత యగును. తెచ్చువారు బొమ్మల మెరుపునకు చూపిన శ్రద్ధ అక్షరమునకు చూపరు. చదువగలిగినను అది ఆంగ్లము. స్టార్‌డ్యూ వ్యాలీ పదికి పైగా భాషలలో లభించును. ఆ భాషలలో తెలుగు లేదు, హిందీయును లేదు. ఆ ఆటలో పొరుగువాండ్రతో మాటలాడనిదే స్నేహము కుదరదు, స్నేహము లేనిదే సగము కథ తెరవబడదు. మన పల్లె బాలుడు విత్తు నాటును, నీరు పోయును, పంట అమ్మును. పొరుగువారేమనుచున్నారో తెలియక ఆ సంభాషణలను తాకి తాకి దాటవేయుచున్నాడు.